సర్వర్ స్లో అంటే టైమ్ ఎక్కడ పోతున్నట్టు?

నెలాఖరు వస్తే విశాఖ ఆటోనగర్‌లోనో, పోర్టు రోడ్డులోనో ఏ ఆఫీసులో అడుగుపెట్టినా వినిపించే మాట ఒకటుంది: "సర్వర్ స్లోగా ఉందండీ." బిల్లు సేవ్ చేస్తే తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. గేటు దగ్గర లారీ ఆగిపోతుంది. అకౌంట్స్ వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు చాలాచోట్ల జరిగేది ఒక్కటే, ఎవరో ఒకరు డేటాబేస్ సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. కాసేపు బాగానే నడుస్తుంది. రెండు రోజులకు మళ్లీ అదే గొడవ.

రీస్టార్ట్‌తో వచ్చే అసలు నష్టం ఏమిటంటే, సాక్ష్యం చెరిగిపోతుంది. ఏ సెషన్ (డేటాబేస్‌తో ఒకరి కనెక్షన్) దేనికోసం ఆగి ఉంది, ఎవరు ఏ లాక్ (పని ముగిసేదాకా ఆ డేటాను ఇంకొకరు మార్చకుండా వేసే తాళం) పట్టుకుని ఉన్నారు అన్నది ఆ క్షణంలో మాత్రమే కనిపించే సమాచారం. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే అప్పటిదాకా పోగైన వెయిట్ లెక్కలు, అంటే దేనికోసం ఎంతసేపు ఆగిందన్నవి కూడా సున్నాకు వచ్చేస్తాయి. పైగా మెమొరీలో ఉన్న డేటా పేజీలన్నీ ఖాళీ అయిపోతాయి కాబట్టి కొంతసేపు ప్రతి పేజీనీ డిస్క్ నుంచే తెచ్చుకోవాలి. మరి రీస్టార్ట్ తర్వాత వేగం ఎందుకు పెరిగినట్టు? పాత లాక్‌లు ఊడిపోయి ఉండొచ్చు, చెడ్డ ప్లాన్ (డేటా తెచ్చుకోవడానికి డేటాబేస్ ఎంచుకున్న దారి) ఒకటి మెమొరీలోని కాష్ నుంచి పోయి ఉండొచ్చు. రెండింటికీ మందు వేరు. ఏది జరిగిందో చూడకుండా తుడిచేశాక రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

డేటాబేస్ స్లో అయినప్పుడు తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే, టైమ్ ఎక్కడ పోతోంది? ఒక క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్నకు, 9 సెకన్లు పట్టిందంటే ఆ 9 సెకన్లకూ ఎక్కడో లెక్క ఉంటుంది. ప్రాసెసర్ మీద పని జరిగిందా, డిస్క్ కోసం ఎదురుచూసిందా, ఇంకొకరి లాక్ కోసం ఆగిందా, నెట్‌వర్క్ మీద ప్రయాణంలో ఉందా? ఈ లెక్క తేలకుండా సెట్టింగులు మార్చడం, ర్యామ్ కొనడం చీకట్లో రాయి విసరడమే.

ముందుగా ఫిర్యాదునే కాస్త విడదీయాలి. స్లో ఎవరికి? అందరికీనా, ఒక్క స్క్రీన్‌కేనా? రోజంతానా, మధ్యాహ్నం మాత్రమేనా? గాజువాక బ్రాంచికా, హెడ్డాఫీసుకా? సగటు చూసి సరిపెట్టుకోవడం ఇక్కడ ప్రమాదం. వంద క్వెరీల్లో తొంభై అయిదు 10 మిల్లీసెకన్లలో అయిపోయి, మిగతా అయిదు 8 సెకన్లు తీసుకుంటే సగటు 410 మిల్లీసెకన్లు వస్తుంది. ఆ అంకె ఎవరి అనుభవాన్నీ చెప్పదు. ఆ అయిదుగురూ ఎవరన్నదే కావాలి.

తర్వాత చూడాల్సింది పనికీ, నిరీక్షణకూ ఉన్న తేడా. ప్రాసెసర్ 95 శాతం దగ్గర ఉంటే ఏదో నిజంగా ఎక్కువ పని చేస్తోంది. ప్రాసెసర్ 10 శాతం దగ్గరే ఉండి వాడేవాళ్లు మాత్రం గగ్గోలు పెడుతుంటే సర్వర్ దేనికోసమో కాచుకుని కూర్చుంది. ఈ రెండో రకాన్ని చూసి పెద్ద మెషీన్ కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువ కోర్లు వస్తే ఎక్కువ కోర్లు ఖాళీగా కూర్చుంటాయి, అంతే. దేనికోసం కాచుకుందో పేరుతో సహా చెప్పే ఏర్పాటు పేరున్న డేటాబేస్‌లన్నింటిలో ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ వ్యూలో ప్రతి సెషన్ పక్కన వెయిట్ ఈవెంట్ కనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వెయిట్ స్టాట్స్, ఒరాకిల్‌లో వెయిట్ ఈవెంట్లు, మైఎస్‌క్యూఎల్‌లో పెర్ఫార్మెన్స్ స్కీమా. స్లోగా ఉన్న సమయంలో కొన్ని సెకన్ల తేడాతో పదిసార్లు చూసినా చాలు, ఎక్కువమంది ఎక్కడ నిలబడి ఉన్నారో తెలిసిపోతుంది.

అలా చూసినప్పుడు తరచుగా పట్టుబడేది లాక్. రొయ్యలు ఎగుమతి చేసే ఒక ప్లాంటు అనుకుందాం, ఈ నగరానికి అలవాటైన వ్యాపారమే. గ్రేడింగ్ దగ్గర ఒకరు లాట్ వివరాలు సరిచేయడానికి స్క్రీన్ తెరిచారు. సాఫ్ట్‌వేర్ అక్కడే ట్రాన్సాక్షన్ (అయితే మొత్తం అవ్వాలి, లేదంటే ఏదీ కాకూడదనే మార్పుల కట్ట) మొదలుపెట్టి, ఆ లాట్ వరుసను అప్‌డేట్ చేసి, "ఓకే" కోసం ఎదురుచూస్తోంది. ఆయన లంచ్‌కు వెళ్లిపోయారు. ఆ లాట్‌నే ముట్టుకోవాల్సిన కోల్డ్ స్టోరేజీ ఎంట్రీ ఆగింది. ఆ ఎంట్రీ అప్పటికే స్టాక్ మొత్తం ఉండే వరుసను పట్టుకుని ఉంది కాబట్టి, స్టాక్ మార్చాల్సిన ప్రతివాళ్లూ దాని వెనక ఆగారు. ఇంతమంది ఆగినా ప్రాసెసర్ మీద లోడ్ లేదు, డిస్క్ చప్పుడు లేదు. మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీ అయితే డిఫాల్ట్‌గా 50 సెకన్లు చూసి, లాక్ దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో లాక్ టైమౌట్ డిఫాల్ట్‌గా ఉండదు, ఆ మనిషి లంచ్ ముగించి వచ్చేదాకా క్యూ అలాగే ఉంటుంది.

ఇలాంటప్పుడు క్యూలో చివర ఉన్నవాళ్లను చంపేస్తే లాభం లేదు, మొదట ఉన్నవాణ్ణి పట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ బ్లాకింగ్ పిడ్స్ అనే ఫంక్షన్ ఫలానా సెషన్‌ను ఎవరు ఆపారో చెబుతుంది. ఒక్కొక్కరినీ అడుగుతూ వెనక్కి వెళితే చివరికి "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అనే స్థితిలో ఏ పనీ చేయకుండా కూర్చున్న సెషన్ దొరుకుతుంది. అసలు దోషి సాధారణంగా అదే, దాని క్వెరీ ఎప్పుడో ముగిసిపోయింది కాబట్టి స్లో క్వెరీల జాబితాలో దాని పేరే ఉండదు. మనిషి ఆలోచించుకునే సమయంలో ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచకూడదన్నది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు పట్టించుకోవాల్సిన విషయం. సర్వర్ వైపు నుంచి ఐడిల్ ట్రాన్సాక్షన్లకు టైమౌట్ పెట్టుకోవచ్చు. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లోనే ఉంటుంది.

లాక్‌ల విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. పని వేళల్లో ఎవరో టేబుల్‌కు కొత్త కాలమ్ చేర్చే ఆల్టర్ కమాండ్ ఇస్తారు. కమాండ్ చిన్నదే, క్షణంలో అయ్యేదే. కానీ దానికి ఆ టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి. అప్పటికే ఒక పెద్ద రిపోర్టు ఆ టేబుల్‌ను చదువుతుంటే ఆల్టర్ ఆగుతుంది. ఆల్టర్ క్యూలో నిలబడిందంటే దాని తర్వాత వచ్చిన మామూలు సెలెక్ట్‌లు (చదివే క్వెరీలు) కూడా దాని వెనకే నిలబడతాయి. ఒక్క రిపోర్టు, ఒక్క ఆల్టర్, అంతే, ఆఫీసంతా స్తంభించిపోతుంది. లాక్ టైమౌట్ రెండు సెకన్లు పెట్టి ఆల్టర్ ఇస్తే, దొరక్కపోతే అదే తప్పుకుంటుంది. మళ్లీ ప్రయత్నించుకోవచ్చు.

లాక్‌లు కావని తేలితే క్వెరీల వైపు చూడాలి. ఇక్కడ అందరూ అతి పొడవైన క్వెరీ కోసం వెతుకుతారు. రాత్రి 2 గంటలకు నడిచే 40 సెకన్ల రిపోర్టు దొరికితే దాని వెంట పడతారు, పగటి పూట ఇబ్బందికీ దానికీ సంబంధం లేకపోయినా. చూడాల్సింది మొత్తం సమయం. 20 మిల్లీసెకన్ల క్వెరీ గంటలో 50,000 సార్లు నడిస్తే 1,000 సెకన్లు తింటుంది. దాన్ని 2 మిల్లీసెకన్లకు దించితే వచ్చే ఊరట, 40 సెకన్ల రిపోర్టును సగానికి తగ్గించినా రాదు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి వచ్చిన క్వెరీ స్టోర్ ఈ మొత్తాలను కట్టిపెడతాయి. మైఎస్‌క్యూఎల్ స్లో క్వెరీ లాగ్‌ను నమ్ముకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా హద్దు 10 సెకన్లు. ఆ హద్దుతో 9 సెకన్ల క్వెరీ రోజంతా నడిచినా లాగ్ ఖాళీగానే కనిపిస్తుంది.

క్వెరీ దొరికాక ఎగ్జిక్యూషన్ ప్లాన్ చదవాలి. మొత్తం వ్యవహారంలో ఓపిక పెట్టాల్సిన చోటు ఇదే. ఏ దారిలో వెళితే తక్కువ ఖర్చో అంచనా వేసి ప్లాన్ ఎంచుకునే పద్ధతిని 1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ బృందం వివరించింది. ఇవాళ్టి డేటాబేస్‌లు వెళ్లేదీ చాలావరకు ఆ బాటలోనే. అంచనా సరిగా ఉంటే ప్లాన్ బాగుంటుంది, అంచనా తప్పితే ప్లాన్ తప్పుతుంది. అందుకే ప్లాన్‌లో ముందు చూడాల్సింది కాస్ట్ అంకె కాదు, ఎన్ని వరుసలు వస్తాయని అనుకుంది, నిజంగా ఎన్ని వచ్చాయి అన్నది.

పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీని నడిపి ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఇచ్చామనుకుందాం. లాట్‌ల టేబుల్ దగ్గర అంచనా 1 వరుస, వాస్తవం 1,86,000. ఒక్క వరుసే కదా అని ప్లానర్ (ప్లాన్ ఎంచుకునే భాగం) నెస్టెడ్ లూప్ ఎంచుకుంది, అంటే పై నుంచి వచ్చే ప్రతి వరుసకూ కింది టేబుల్‌లో ఇండెక్స్ (పుస్తకం చివరి సూచిక లాంటిది) ద్వారా ఒకసారి వెతకాలి. కింది లైనులో వాస్తవ సమయం 0.05 మిల్లీసెకన్లు అని చూపిస్తుంది. కొత్తవాళ్లు ఇది చూసి ఇక్కడేం లేదని ముందుకు వెళ్లిపోతారు. పక్కనే లూప్స్ 1,86,000 అని ఉంటుంది. చూపించిన సమయం ఒక్కో లూప్‌కు సగటు. రెండూ గుణిస్తే 9.3 సెకన్లు. పోయిన టైమ్ మొత్తం ఆ ఒక్క లైనులో ఉంది. అంచనా సరిగా ఉండి ఉంటే ప్లానర్ రెండు టేబుళ్లనూ ఒక్కోసారి చదివి జతచేసే హాష్ జాయిన్ ఎంచుకునేది, పని సెకనులోపే ముగిసే అవకాశం ఉండేది.

అంచనా ఎందుకు తప్పింది? మొదటి అనుమానం స్టాటిస్టిక్స్ (టేబుల్‌లో ఏముందో డేటాబేస్ రాసుకున్న సారాంశం) పాతబడటం. పోస్ట్‌గ్రెస్ తనంతట తాను అనలైజ్ చేయడానికి, అంటే ఆ సారాంశాన్ని కొత్తగా తీయడానికి, డిఫాల్ట్ హద్దు టేబుల్‌లో దాదాపు 10 శాతం మార్పు. కోటి వరుసల టేబుల్‌కు 10 లక్షల మార్పులు జరిగేదాకా అది కదలదు. ఈ లోపు నెల మారిపోతుంది, కొత్త తేదీలు స్టాటిస్టిక్స్‌లో ఉండవు, "ఈ నెల బిల్లులు" అని అడిగితే ఉన్నవి ఏమీ లేనట్టే లెక్క వేసుకునే ప్రమాదం ఉంది. పెద్ద టేబుళ్లకు విడిగా ఆ శాతాన్ని తగ్గించుకోవచ్చు, భారీ లోడ్ తర్వాత చేత్తో అనలైజ్ ఇవ్వొచ్చు. రెండో అనుమానం కాలమ్‌ల మధ్య సంబంధం. జిల్లా విశాఖపట్నం, మండలం భీమునిపట్నం అని రెండు షరతులు పెడితే, ఆ మండలం ఆ జిల్లాలోనే ఉంటుందని ప్లానర్‌కు తెలియదు. రెండు సంభావ్యతలనూ గుణించి, ఉన్నదానికన్నా చాలా తక్కువ వరుసలు వస్తాయనుకుంటుంది. ఇలాంటి జంటల కోసం పోస్ట్‌గ్రెస్ 10 నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్ కమాండ్ ఉంది. దాన్ని వాడేవాళ్లు మాత్రం తక్కువ.

మూడోది, వాడేవాళ్లను బాగా తికమక పెట్టేది, డేటా ఒకవైపు ఒరిగి ఉండటం. మన రొయ్యల ఎగుమతుల్లో పెద్ద వాటా అమెరికాది. ఎగుమతిదారు టేబుల్‌లో దేశం కాలమ్ చూస్తే ఆ ఒక్క దేశానికే లక్షల వరుసలు, కొన్ని దేశాలకు వందల్లోనే ఉండొచ్చు. చిన్న దేశానికి ఇండెక్స్ వాడటం సరైన దారి. అమెరికాకు అదే దారి పడితే లక్షల సార్లు అటూ ఇటూ గెంతాలి, దానికన్నా టేబుల్ మొత్తం వరసగా చదవడమే నయం. ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదటిసారి వచ్చిన విలువకు తగ్గట్టు ప్లాన్ తయారుచేసి, కాష్‌లో పెట్టుకుని తర్వాతివాళ్లకూ అదే వాడుతుంది. ఉదయం మొదటి రిపోర్టు ఏ చిన్న దేశానికో తీస్తే ఆ రోజంతా అమెరికా రిపోర్టు నత్తనడక నడుస్తుంది. మర్నాడు మొదట అమెరికాదే తీస్తే అంతా సజావు. "నిన్న బాగోలేదు, ఇవాళ బాగుంది, ఎవరూ ఏమీ మార్చలేదు" అనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండేది ఇదే. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి ఫలించడానికీ కారణం ఇదే, ప్లాన్ కాష్ ఖాళీ అయి, ఆ తర్వాత ఎవరు ముందొచ్చారన్నదాన్ని బట్టి అదృష్టం మారుతుంది. ఆ ఒక్క క్వెరీకి రీకంపైల్ సూచన ఇస్తే ప్రతిసారీ అప్పటి విలువకు తగిన ప్లాన్ వస్తుంది. అందుకు కొంత ప్రాసెసర్ ఖర్చవుతుంది, రిపోర్టులకు అది భరించదగ్గదే.

ఇండెక్స్ ఉండి కూడా వాడుకోలేకపోవడం మరో కథ. బిల్లు తేదీ మీద ఇండెక్స్ ఉంది, క్వెరీ రాసినవారు తేదీని ఇయర్ ఫంక్షన్‌లో పెట్టి 2024తో పోల్చారు. ఇండెక్స్‌లో ఉన్నవి తేదీలు, సంవత్సరాలు కావు, కాబట్టి ప్రతి వరుసకూ ఫంక్షన్ నడపాల్సిందే. 2024 జనవరి 1 నుంచి 2025 జనవరి 1కి ముందు వరకు అని రాస్తే ఇండెక్స్ పనికొస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఫోన్ నంబరును అక్షరాల కాలమ్‌లో దాచి, వెతికేటప్పుడు కోట్స్ లేకుండా అంకెగా ఇస్తే ఇండెక్స్ పక్కకు పోతుంది. కోట్స్ పెడితే వెంటనే వస్తుంది. ఇంత చిన్న తేడా కోసం రోజుల తరబడి సర్వర్‌ను తిట్టుకునే ఆఫీసులు ఉంటాయి. అలాగని కనిపించిన ప్రతి కాలమ్‌కూ ఇండెక్స్ పెట్టేస్తే కొత్త వరుస చేర్చిన ప్రతిసారీ ఆ ఇండెక్స్‌లన్నీ రాయాలి, చదవడం వేగంగానే ఉంటుంది, బిల్లు సేవ్ మాత్రం బరువెక్కుతుంది.

మెమొరీ గురించి క్లుప్తంగా. డేటా పేజీలను ఉంచుకునే మెమొరీ, అంటే పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్ సాధారణంగా 128 ఎంబీ, మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్ డిఫాల్ట్ కూడా 128 ఎంబీనే. 64 జీబీ సర్వర్ కొని ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే డేటాబేస్ తన కోసం అట్టేపెట్టుకునేది ఆ మూలనున్న ముక్కే. ఎస్‌క్యూఎల్ సర్వర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, మాక్స్ సర్వర్ మెమొరీకి హద్దు పెట్టకపోతే దొరికిందంతా తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ వర్క్ మెమ్ 4 ఎంబీ, పెద్ద సార్టింగ్ దానిలో పట్టకపోతే డిస్క్ మీదకు పొంగుతుంది, ప్లాన్‌లో ఎక్స్‌టర్నల్ మెర్జ్ అని రాసి మరీ చూపిస్తుంది. దాన్ని పెంచేముందు జాగ్రత్త, ఆ హద్దు సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో క్వెరీలో ఒక్కో సార్ట్‌కు. వంద సెషన్లలో మూడేసి సార్ట్‌లు, 256 ఎంబీ చొప్పున అంటే 75 జీబీ. అంత మెమొరీ లేని మెషీన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది.

డిస్క్ విషయంలో క్లౌడ్‌కు వెళ్లినవాళ్లు ఒకటి గమనించాలి. అమెజాన్ క్లౌడ్‌లో జీపీ2 అనే పాత రకం డిస్క్‌కు ఒక్కో జీబీకి సెకనుకు 3 చొప్పున రీడ్ రైట్‌లు హక్కు. 100 జీబీ డిస్క్ అయితే 300. కానీ దాచుకున్న క్రెడిట్లు ఉన్నంతసేపు 3,000 దాకా పోనిస్తుంది. నిండు క్రెడిట్లతో పూర్తి వేగంలో ఆ 100 జీబీ డిస్క్ నిలబడగలిగేది అరగంట పైచిలుకు. అందుకే పొద్దున ఆఫీసు తెరిచినప్పుడు పరుగులు పెట్టే సాఫ్ట్‌వేర్, పని బాగా ఒత్తుకున్న రోజున మధ్యాహ్నానికి చతికిలపడుతుంది. క్రెడిట్ల గ్రాఫ్ చూస్తే సున్నా దగ్గర పడుకుని కనిపిస్తుంది. తర్వాత వచ్చిన జీపీ3లో సైజుతో సంబంధం లేకుండా 3,000 కనీసంగా వస్తాయి. డిస్క్ రకం మార్చుకుంటే పోయే సమస్య ఇది.

కనెక్షన్లు పెంచితే వేగం పెరుగుతుందన్న నమ్మకం కూడా ఎక్కువ హాని చేస్తోంది. నాలుగు కోర్ల సర్వర్ ఏ క్షణంలోనైనా నాలుగు పనులే చేయగలదు. 300 కనెక్షన్లు ఒకేసారి పని అడిగితే మిగతావి కాచుకోవాలి, అటూ ఇటూ మారడంలోనూ కొంత శక్తి పోతుంది. సాయంత్రం హనుమంతవాక జంక్షన్‌లో మధురవాడ వైపు వెళ్లే బండ్లు కొంచెం పెరిగినా క్యూ ఒక్కసారిగా చాలా పొడవైపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. అతి సరళమైన క్యూ లెక్క ప్రకారం వనరు 50 శాతం వాడకంలో ఉంటే ఒక పనికి పట్టే మొత్తం సమయం రెట్టింపు, 80 శాతంలో అయిదింతలు, 90 శాతంలో పదింతలు. 80 నుంచి 90కి వెళ్లడం పది శాతమే కదా అనిపిస్తుంది, వాడేవాళ్లకు మాత్రం వేచి చూడటం రెండింతలవుతుంది. నెలాఖరున ఉన్నట్టుండి కుప్పకూలినట్టు కనిపించేది ఈ వంపు దగ్గరే. మాక్స్ కనెక్షన్స్ పెంచే బదులు పీజీబౌన్సర్ లాంటి పూలర్ (కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచేది) పెట్టి, డేటాబేస్ దాకా వెళ్లేవాటిని కోర్ల సంఖ్యకు కొన్ని రెట్లలో ఆపితే మొత్తం మీద పని త్వరగా తెములుతుంది.

ఇవన్నీ చూసినా ఏమీ దొరకలేదంటే, క్వెరీలన్నీ మిల్లీసెకనులోపే ముగుస్తున్నాయంటే, టైమ్ డేటాబేస్ బయట పోతోంది. విశాఖలో ఇది తరచుగా దూరం వల్ల వచ్చే సమస్య. సాఫ్ట్‌వేర్ ఆటోనగర్ ఆఫీసులోని కంప్యూటర్లలో నడుస్తుంది, డేటాబేస్ ముంబై క్లౌడ్‌లో ఉంటుంది. నేరుగా కొలిస్తే దాదాపు 1,100 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెళ్లి రావడానికి కనీసం 11 మిల్లీసెకన్లు. కేబుల్ నేరుగా పోదు, మధ్యలో రౌటర్లు ఉంటాయి, వాస్తవంలో ఇంకా ఎక్కువే అవుతుంది. 20 అనుకుందాం. ఒక్క క్వెరీకి అది లెక్కలోకి రాదు. కానీ 300 లైన్ల ప్యాకింగ్ లిస్ట్ తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ ముందు లిస్ట్ తెచ్చుకుని, తర్వాత ఒక్కో లైనుకు సరుకు పేరు కోసం విడిగా క్వెరీ పంపితే 300 ప్రయాణాలు, 6 సెకన్లు. డేటాబేస్ వైపు చూస్తే ఒక్కోటి 0.3 మిల్లీసెకన్లే, దాని లెక్కలో మొత్తం పని 90 మిల్లీసెకన్లు. వెయిట్ ఈవెంట్లలో క్లయింట్ రీడ్ అని, అంటే నువ్వు అడిగితే చెబుతాను అని అది ఖాళీగా కూర్చుని ఉంటుంది. ప్రోగ్రామ్ రాసినవారి ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పక్కనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ స్క్రీన్ చిటికెలో తెరుచుకుంటుంది, "మా దగ్గర బాగానే ఉంది" అనే జవాబు వస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇక్కడ ర్యామ్ రెట్టింపు చేసినా, ఇండెక్స్‌లు పెట్టినా ఆ 6 సెకన్లలో చెప్పుకోదగ్గది ఏమీ తగ్గదు. సరుకు పేర్లను జాయిన్‌తో అదే క్వెరీలో తెచ్చుకుంటే 300 ప్రయాణాలు ఒక్కటవుతాయి. కోడ్ మార్చే వీలు లేని పాత సాఫ్ట్‌వేర్ అయితే, దాన్ని కూడా ముంబైలోనే డేటాబేస్ పక్క మెషీన్‌లో నడిపి, ఆఫీసు నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడుకోవడం మిగిలిన దారి.